మెట్టుగూడలో వేయించిన బ్రేకులు

ఆ శనివారం ట్రాక్ మీద మూడో మలుపు దగ్గర నేను తొక్కిన బ్రేకు పెడల్, ముద్దపప్పులో గరిటె దిగినట్టు కిందికి దిగిపోయింది. కారు ఆగలేదు. అసలే ఆగలేదని కాదు, ఆగాల్సినంత ఆగలేదు. స్టీరింగ్ తిప్పాను. చక్రాలు తారు దాటి గడ్డిలోకి, గడ్డి దాటి పాత టైర్లు పేర్చిన గోడ దాకా వెళ్లాయి. ముందు బంపరు ఒక టైరుకు ఆనుకుని నిలబడింది. కాలిన గోళ్లలాంటి వాసన కారు నిండా పట్టేసింది.

నాకేమీ కాలేదు. కారుకు ఒక గీత పడింది. కానీ గోడ అవతల నిలబడి చూస్తున్న నా కూతురు చెప్పులు వదిలేసి గడ్డిలో పరుగెత్తుకుంటూ వచ్చింది. నా హెల్మెట్ తీసి ముఖం చూసింది. చూసి, కారు తాళం చేతిలోకి తీసుకుని తన బ్యాగులో వేసుకుంది. ఈ కథంతా ఆ తాళం గురించే.

ఆ ట్రాక్ నగరం బయట, మేడ్చల్ వైపు ఉంటుంది. కొన్ని శనివారాలు ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని, హెల్మెట్ పెట్టుకుని, రోడ్డు మీద చెయ్యకూడనంత వేగంగా నడుపుకోవచ్చు. ఒకరితో ఒకరికి పోటీ ఉండదు. ఎవరెంత సేపట్లో చుట్టు తిరిగారో ఒక బోర్డు మీద పడుతుంది, అంతే. నా కూతురు ఆఫీసు వాళ్లు ఒకసారి అక్కడికి వెళ్తుంటే వాళ్లందరికీ పులిహోర కలిపి పట్టుకుని నేనూ వెళ్లాను. పులిహోర అయిపోయాక నేను కూడా ఒక చుట్టు నడుపుతానన్నాను. పిల్లలు నవ్వారు. నవ్వనిచ్చాను. నడిపాను. ఆ రోజు రాత్రి నిద్రలో కూడా నా కుడికాలు మలుపులు తిరుగుతూనే ఉంది.

నేను బొల్లారంలో ఒక హాస్టల్ వంటింట్లో చాలా ఏళ్లు పనిచేశాను. నలభై దాటేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా చర్చి ఆడవాళ్ల సంఘంలో ఒక రిటైరైన టీచరమ్మ సాయంత్రాలు మాలాంటి వాళ్లను కూర్చోబెట్టి అ ఆలు దిద్దించేది. ఇప్పుడెందుకు నీకివన్నీ అని అప్పుడూ అడిగారు. పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడటం చాలించాలని ఉందని చెప్పాను. తర్వాత లైసెన్సు తీసుకున్నప్పుడు కూడా అదే ప్రశ్న. నా భర్త ఆటో నడిపేవాడు. ఆయన పోయాక ఆటో అమ్మేశాం గానీ, నడపాలన్న కోరిక అమ్ముడుపోలేదు. పని మానేశాక వచ్చిన డబ్బుతో, కూతురు కొంత వేసుకుంటే, ఈ ఎలక్ట్రిక్ కారు కొన్నాం. నా పేరు మీదే ఉంది. కాగితాల మీద సంతకం నేనే పెట్టాను.

ఇక ఆ శనివారం పెడల్ ఎందుకు దిగిందో చెప్పాలి.

ట్రాక్ చూసుకునే ఇన్‌చార్జి ఒకప్పుడు తనూ రేసులు నడిపిన మనిషి. టైర్ల గోడ దగ్గరికి వచ్చి చక్రం పక్కన కూర్చున్నాడు. ఆ వేడికి ముఖం వెనక్కి తీసుకుని నన్ను అడిగాడు.

“ఆంటీ, చార్జింగ్ ఎంత పెట్టుకొచ్చిన్రు?”

“ఫుల్ పెట్టిన బాబూ.”

“ఫుల్లా?” అతను నా కూతురి వైపు చూశాడు. “ట్రాక్‌కి ఎవరన్నా ఫుల్ పెట్టుకొస్తరా?”

నా కూతురు ముఖం తిప్పుకుంది. ఎందుకంటే ఆ ఉదయం మేమిద్దరం దాని మీదే పోట్లాడుకున్నాం. ఇంటి దగ్గర నిండా చార్జింగ్ పెట్టి బయలుదేరితే ట్రాక్ దగ్గరికి వచ్చేసరికి కొంత ఖర్చయింది. నాకు మనసొప్పలేదు. హైవే పక్కన చార్జింగ్ పాయింటు కనబడితే ఆపి, మళ్లీ అంచుదాకా నింపించాను. అవసరం లేదమ్మా అని అది ఎంత చెప్పినా వినలేదు.

మా ఇంట్లో ఏదీ సగం నింపుకుని గడప దాటదు. మా అమ్మ నేర్పిన పద్ధతి అది. బియ్యం డబ్బా అడుగు కనబడనిచ్చేది కాదు. పక్కింటివాళ్ల గిన్నె తిరిగిస్తే కనీసం ఒక బెల్లం ముక్కయినా వేసి ఇచ్చేది. ప్రయాణమంటే నీళ్ల సీసా మూత దగ్గరిదాకా నిండాలి. ఆకలి చూసిన ఇళ్లలో ఇవి మర్యాదలు కావు, భయాలు. హాస్టల్ వంటింట్లో కూడా నేనలాగే ఉండేదాన్ని. సగం గిన్నె బల్ల మీద పెడితే నా చేతులే నన్ను తిట్టేవి.

అయితే ఎలక్ట్రిక్ కారు వేరే రకం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే మోటారే కారును వెనక్కి పట్టి నెమ్మది చేస్తుంది. అలా పట్టినప్పుడు పుట్టే కరెంటును మళ్లీ బ్యాటరీలోకి పంపిస్తుంది. బ్యాటరీ అంచుదాకా నిండి ఉంటే పంపడానికి చోటుండదు, కాబట్టి మోటారు పట్టడం మానేస్తుంది. అప్పుడు ఆ కారు బరువంతా, పెట్రోలు కారు కంటే ఎంతో ఎక్కువ బరువు, బ్రేకుల మీదే పడుతుంది. చక్రాలను నొక్కిపట్టే ప్యాడ్లు కాలాయి, వేడికి బ్రేకు ఆయిల్ మరిగింది, పైపుల్లో బుడగలు లేచాయి. నా కాలు తొక్కింది ఆ బుడగలనే. ఇన్‌చార్జి ఇదంతా ఓపిగ్గానే చెప్పాడు. చెప్పి, బ్రేకుల సంగతి తేల్చకుండా ఈ కారును మళ్లీ ట్రాక్ మీదికి రానివ్వనన్నాడు. తేల్చుకుని వస్తే ఒక్కసారి చూస్తాడు, అప్పుడూ ఇలాగే అయితే నా పేరు ఇక రాసుకోడు.

ఇంటికి వచ్చేటప్పుడు కారు నా కూతురే నడిపింది. పద్మారావు నగర్‌లో ఉండే మా అక్కకు దారిలోనే ఫోను చేసింది. అక్క సాయంత్రానికల్లా వచ్చి కూర్చుంది. ఇది దేవుడు చూపించిన గుర్తు అంది. ఆ గుర్తు బ్రేకుల గురించా, నా గురించా అని అడిగాను. అక్కకు కోపం వచ్చింది.

“మనుమల నెత్తుకునే వయసుల నీకు ఈ రేసులేందే? నవ్వుతున్రు.”

నాకు మనుమలు లేరు. నా కూతురు పెళ్లి వద్దనుకుంది, అది దాని ఇష్టం. ఆ మాట అనకుండా టీ పెట్టడానికి లేచాను. నవ్వేవాళ్లు ఎవరో పేర్లు చెప్పమంటే అక్క దగ్గర పేర్లు లేవు.

నా కూతురు మాత్రం నవ్వేవాళ్లను పట్టించుకునే మనిషి కాదు. దాని భయం వేరు. అక్క వెళ్లిపోయాక కప్పులు కడుగుతూ, నా వైపు చూడకుండా అంది.

“నీకేమన్నా అయితే నాకెవరున్నరు?”

“ఏం కావొద్దనే బ్రేకులు మంచియి వేయిస్త అంటున్న.”

“అసలు పోకుంటే బ్రేకులే అక్కర్లేదు గద. అది అవసరమా అమ్మా నీకు?”

ఆ మాట అది నన్ను నొప్పించడానికి అనలేదు. నిజంగానే అడిగింది. అందుకే నిజమే చెప్పాను.

“కాదు. అవసరం లేని పని నేను పుట్టినకాడికెల్లి ఒక్కటి సుత చెయ్యలే. ఇది ఒక్కటి చేస్త.”

కుళాయి కట్టేసింది. కాసేపటికి తాళం తెచ్చి బల్ల మీద పెట్టింది గానీ దాని మీంచి చెయ్యి తియ్యలేదు. ఈసారి పెడల్ దిగితే కారు అమ్మేద్దామంది. మాట ఇవ్వమంది. ఇచ్చాను. అప్పుడు చెయ్యి తీసింది.

ముందు కారు కొన్నచోట సర్వీసు సెంటరుకు వెళ్లాను. అక్కడి అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. కంపెనీ బ్రేకులు కాకుండా ఇంకేవి వేయించినా ఆ భాగాలకు వారంటీ పోతుందన్నాడు. ఇవి ఊళ్లో తిరగడానికి చేసిన కారు బ్రేకులు, వీటిలో ఏ లోపమూ లేదన్నాడు. అతను చెప్పింది నిజమే. లోపం లేదు, నాకు కావలసింది వేరు. పోయేది పోనీ అని లేచి వచ్చేశాను.

మెట్టుగూడలో, రైల్వే క్వార్టర్ల వెనక సందులో, నా భర్త ఆటోకు బ్రేకులు వేసిన మెకానిక్ ఇంకా ఉన్నాడు. ఇప్పుడు కార్లు కూడా చేస్తున్నాడు. కారు వెళ్లి గేటు ముందు చప్పుడు లేకుండా నిలబడగానే అతను రెండు అడుగులు వెనక్కి వేశాడు.

“అక్కా, కరెంట్ బండి నేను ముట్ట. షాక్ కొడితే నా పెండ్లాం వచ్చి నిన్నే అడుగుతది.”

నాకు కావలసింది బ్రేకులేనని చెప్పాను. బ్రేకులకు కరెంటుతో పని లేదని, అదే ప్యాడ్లు అదే ఆయిల్ అని నచ్చజెప్పడానికి చాలాసేపు పట్టింది. చివరికి రబ్బరు చెప్పులు వేసుకుని, చేతులకు తొడుగులు వేసుకుని, నన్నే కారు బంద్ చేయమని, చేశాక దూరంగా నిలబడమని, అప్పుడు జాకీ పెట్టాడు. చక్రం విప్పాడు. చూసి ఈల వేశాడు.

ముందు చక్రాల డిస్కులు, ప్యాడ్లు నొక్కే ఆ ఇనుప పళ్లేలు, కాలి నీలం తిరిగి ఉన్నాయి. వెనక డిస్కుల అంచులకు తుప్పు. రోజూ ఊళ్లో తిరిగేటప్పుడు మోటారే సగం పని చేసేస్తుంది కాబట్టి బ్రేకులకు పెద్దగా పని పడదు. పని లేక తుప్పు పట్టిన బ్రేకుల మీద ఒక్కరోజు మొత్తం బరువు పడేశాను. మెకానిక్ ప్యాడ్ ఒకటి ఊడదీసి నా చేతిలో పెట్టాడు. పైన అద్దంలా మెరుస్తోంది. అలా మెరిస్తే పట్టు పోయినట్టు.

ఇద్దరం కలిసి ఏమేం మార్చాలో మాట్లాడుకున్నాం. ఎక్కువ వేడిని తట్టుకునే ప్యాడ్లు. మీద గీతలు కోసిన కొత్త డిస్కులు, వేడి గాలి బయటకు పోవడానికి. రబ్బరు పైపుల బదులు స్టీలు జాలీ అల్లిన పైపులు, ఒత్తిడికి ఉబ్బకుండా. త్వరగా మరగని ఆయిల్. ఇదే కంపెనీ పెట్రోలు కారుకు వేసే కాలిపర్లే, ప్యాడ్లను బిగించి నొక్కేవి, దీనికీ ఉన్నాయని అతను తేల్చాక, ఆ కొలతకు సరిపోయే సరుకంతా పుణె నుంచి తెప్పించాడు. తెప్పించే ముందు మాత్రం ఒక మాట అన్నాడు.

“అక్కా, గింత పరేషాన్ ఎందుకు? చార్జింగ్ జెర తక్కువ పెట్టుకొని పో. అయిపాయె.”

ఇన్‌చార్జి ఆ మాటే అన్నాడు. నా కూతురూ అదే అంది. అది తప్పు మాట కాదు. అయినా నాకు మింగుడు పడలేదు. బ్యాటరీ సగం ఉంటేనే ఆగే కారును నేను నమ్మలేను. బ్యాటరీ బాగా వేడెక్కినా మోటారు పట్టు తగ్గుతుందని ఇన్‌చార్జే చెప్పాడు. మోటారు తోడొస్తే మంచిదే, రాకపోయినా నా బ్రేకులు నన్ను ఆపాలి. తోడు ఎవరు వస్తారో చూసుకుని బతికే వయసు నాకు దాటిపోయింది. బ్రేకులే వెయ్యమన్నాను.

సరుకు వచ్చాక ఒక రోజంతా పని పట్టింది. పైపుల్లో గాలి తీసేటప్పుడు నన్నే సీట్లో కూర్చోబెట్టాడు. అతను కింద నుంచి “తొక్కు” అంటే తొక్కడం, “పట్టు” అంటే అలాగే పట్టి ఉంచడం, “ఇడువు” అంటే విడవడం. మధ్యాహ్నం దాకా అదే పని. మొదట్లో పెడల్ మెత్తగా ఉంది. బుడగలు పోయిన కొద్దీ గట్టిపడుతూ వచ్చింది. చివరికి నా పాదం కింద అది రాతి మెట్టులా నిలబడింది. ఆ గట్టిదనం నాకు ఎంత నచ్చిందంటే, అతను చాలన్నాక కూడా ఇంకోసారి తొక్కాను.

కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేయాలి. తెల్లవారుజామున హైవే పక్కన ఖాళీగా ఉండే సర్వీసు రోడ్డు మీద, మోటారు పట్టును సున్నాకు పెట్టుకుని, వేగం అందుకోవడం, గట్టిగా తొక్కి తగ్గించడం, పూర్తిగా ఆగకుండా మళ్లీ అందుకోవడం. నా కూతురు పక్కన కూర్చుని వెనక నుంచి ఎవరైనా వస్తున్నారేమో చూస్తూ ఉంది. తొక్కినప్పుడల్లా సీటు బెల్టు దాని భుజాన్ని పట్టి లాగేది. కాసేపటికి పాత పెనం మాడిన వాసన వచ్చింది. తర్వాత ఆ వాసన పోయింది. వెనక్కి వచ్చేటప్పుడు నా కూతురు, బ్రేకులు బాగున్నాయని మాత్రం అనకుండా, టిఫిను ఎక్కడ చేద్దామని అడిగింది.

ఈ ప్యాడ్లకు ఒక గుణం ఉంది. చల్లగా ఉన్నప్పుడు కీచుమంటాయి. ఆదివారం చర్చి ముందు కారు ఆపితే లోపల కూర్చున్న మూడు వరసలు తలలు తిప్పాయి. సంఘం పెద్ద ఒకాయన బయటికి వచ్చి, బ్రేకులు పోయినట్టున్నాయమ్మా చూపించుకో అన్నాడు. కొత్తవేనండీ అన్నాను. కొత్తవి అరుస్తాయా అన్నాడు. ఇవి అరిచి పట్టుకునే రకమని చెప్పాను. మా అక్క ఆ వారమంతా ఫోనులో నన్ను పలకరించాల్సిన ప్రతిసారీ, ఆ కీచుకు నాది రైలే అన్నట్టు, రైల్వే స్టేషనుకొస్తున్నవా అని అడిగింది. చక్రాల మీద నల్లటి పొడి పడేది. రోజూ తుడిచాను. ఎవరేమన్నా ఆ పొడిని చూస్తే నాకు ధైర్యంగా ఉండేది. ఇప్పుడు ఆ బ్రేకులు ఖాళీగా కూర్చోవడం లేదు.

మళ్లీ ట్రాక్ శనివారం వచ్చింది. హైవే పక్కన అదే చార్జింగ్ పాయింటు దగ్గర ఆపాను. ఈసారి నా కూతురే దిగి, చార్జింగ్ గన్ను తీసి కారుకు పెట్టింది. అంచుదాకా నిండే వరకు ఇద్దరం చెట్టు లేని ఆ ఎండలో నిలబడ్డాం.

ఇన్‌చార్జి మీటరు చూసి తల పట్టుకున్నాడు.

“ఆంటీ, మల్ల ఫుల్లే. చెప్పిన గద.”

“అందుకే పెట్టిన. అన్నిట్లకెల్లి చెడ్డగ ఉన్నప్పుడు ఆగుతదా లేదా చూడు. ఆగకుంటే నా పేరు నేనే కొట్టేస్త.”

అతను హెల్మెట్ తీసుకుని పక్క సీట్లో కూర్చున్నాడు. మొదటి రెండు చుట్లు తను ఉంటానన్నాడు. మూడో మలుపుకు ముందు ఎంత దూరముందో చెప్పే బోర్డులు వరసగా ఉంటాయి, నూట యాభై, వంద, యాభై. వంద దగ్గర తొక్కమన్నాడు. తొక్కాను. కారు ముక్కు వంచి, నేలను కరిచినట్టు నెమ్మదించింది. మలుపు చాలా దూరంలోనే ఉండిపోయింది. అతను అదివరకు డాష్‌బోర్డు మీద ఆనించి ఉన్న చేతిని తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. రెండు చుట్లు అయ్యాక దిగిపోయాడు. ఇక మీరే అన్నాడు.

మూడో చుట్టు, నాలుగో చుట్టు. పెడల్ రాయిలాగే ఉంది. ఐదో చుట్టులో వాసన మొదలైంది. వంద బోర్డు దగ్గర తొక్కితే పెడల్ ఒక వేలు మందం కిందికి వెళ్లింది. మాట ఇచ్చాను కదా, కారు నా కళ్ల ముందే అమ్ముడుపోయినట్టయింది. ఆ వేలు మందం దగ్గర పెడల్ ఆగింది. అక్కడి నుంచి ఇక దిగలేదు. కారు నెమ్మదించింది, మలుపు తిరిగింది. ఆరో చుట్టులోనూ అక్కడే ఆగింది. జెండా ఊపి పిలిచేదాకా తిరిగాను.

లోపలికి వచ్చాక కూడా బ్రేకులు చల్లబడేందుకు చాలాసేపు మెల్లగా నడుపుతూనే ఉన్నాను. ఇన్‌చార్జి ఒక్కో చక్రం దగ్గర వంగి చూశాడు. తను పెడల్ తొక్కి చూశాడు. బోర్డు మీద నా సమయం అందరికంటే కింద పడింది. నా పైన ఉన్న కుర్రవాడు నాకంటే ఎంతో ముందున్నాడు. అది నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు. కాసేపటికి ఇన్‌చార్జి మధ్యాహ్నం నడిపేవాళ్ల పేర్లు రాసుకుంటూ నా దగ్గర ఆగాడు. పెన్ను ఎత్తి పట్టుకుని నా వైపు కాదు, నా కూతురి వైపు చూశాడు.

“చాలమ్మా ఇయ్యాల్టికి,” అంది నా కూతురు. గొంతులో బతిమాలడం ఉంది గానీ, చెయ్యి తాళం కోసం రాలేదు.

“చాల్లే,” అన్నాడు ఇన్‌చార్జి కూడా. “అయినా మీ ఇష్టం ఆంటీ. బ్రేకులైతే ఓకే.”

పెన్ను ఇటివ్వమన్నాను. నా పేరు నేనే రాసుకున్నాను. మధ్యాహ్నానికి బ్యాటరీ కొంత తగ్గింది, మోటారు కూడా వెనక నుంచి పట్టడం మొదలుపెట్టింది. మూడో మలుపు దగ్గర వంద బోర్డు వచ్చింది. దాన్ని కావాలనే దాటనిచ్చాను. అప్పుడు తొక్కాను.